గుమ్మడిగెడ్డ మావగారు

పెళ్లినాటికి నాకు మావగారు లేరు. నా మొగుడు మంగ్లు తల్లి కడుపులో ఉండగానే ఆయన పోయారట. మావ అదమాయింపు లేని ఇల్లు దొరికిందని మా అమ్మ మురిసిపోయి నన్ను ఇచ్చింది. ఆ మురిపెం రెండేళ్లయినా నిలవలేదు. గుమ్మడిగెడ్డలో ఇనుప కటకటాల వెనక నాకో మావగారు దొరికారు, నాలుగు కాళ్లతో, చారల ఒంటితో, నోటి కంపుతో సహా.

మా కొండవాళ్లలో ఇంటిపేరుకో జీవం ఉంటుంది. నేను పుట్టింటి వైపు పాంగి, అంటే గద్ద. గొల్లోరి వాళ్లకు కోతి, కొందరికి సూర్యుడు. మంగ్లు వాళ్లు కిల్లో, పులి వంశం. పులిని వాళ్లు పులి అనరు, పెద్దాయన అంటారు. కోడళ్లు ఆ మాట కూడా అనకూడదు, మావగారు అనాలి. ఎదురుపడితే నెత్తిన కొంగు వేసుకోవాలి. అడవిలో పులి ఎదురుపడితే కొంగు సర్దుకునే తీరిక ఎవత్తికుంటుందని నేను నవ్వితే, మంగ్లు రెండు రోజులు మాట్లాడలేదు. అతని మెత్తదనమంతా మనుషుల దగ్గరే గాని ఈ విషయంలో కాదు.

మన్యంలో పితూరీ అణిగిన రెండో ఏడు అది. హుకుంపేట పైన మేము పోడు కొట్టుకునే కొండకు ఫారెస్టు వాళ్లు హద్దురాళ్లు పాతేశారు. సామలు, చోళ్లు చల్లుకునే చోటు లేక దిగువకు దిగాం. సాలూరుకీ పాచిపెంటకీ నడుమ గుమ్మడిగెడ్డ అని చిన్న జమీ ఒకటుండేది. అక్కడి రాజావారికి జంతువుల మోజు. తోటలో దుప్పులు, ఒక ఎలుగు, కోతులు, నెమళ్లు, వీటన్నిటి నడుమ చిన్న గదంత బోనులో ఒక పులి. కూనగా ఉండగా గోతిలో పడితే పట్టుకొచ్చారట. పుట్టి బుద్ధెరిగాక దానికి నేల మీద కాలు పెట్టిన జ్ఞాపకం ఉండదు, కింద నాపరాళ్లు పరిచారు.

పులి బోను ఊడ్చడానికి మనిషి నిలవడం లేదని మేనేజరు సన్యాసిరావుగారు కంగారు పడుతున్న రోజుల్లో మేము తోట గుమ్మంలో నిలబడ్డాం. కిల్లో వాళ్లను పులి ఏమీ చెయ్యదని ఆయనతో ఎవరో అన్నారు. అంతే, మంగ్లును ఎగిరి గంతేసి పెట్టుకున్నారు. ఖైదులో ఉన్న తండ్రికి కొడుకును కాపలా పెట్టినట్టవుతుందని ఆయనకు తట్టలేదు. మాకూ తట్టలేదు. మాకు తోట వెనక ఒక పెంకుటింటి గది ఇచ్చారు, వారం వారం గింజలు కొలిచేవారు. నాకప్పటికే నెల తప్పింది. వానాకాలంలో కారని చూరు కింద, పొయ్యి మీద కుండ ఉన్న ఇంట్లో బిడ్డను కనాలి. నాకు కావలసింది అదొక్కటే, ఆ ఏడు నేను వేరే ఏదీ కోరుకోలేదు.

మాఘం వెళ్లాక విశాఖపట్నం నుంచి పశువుల డాక్టరు రామారావుగారు వచ్చారు. తోటలో జంతువులు ఎండిపోతున్నాయని ఎవరో దొర చూసి కలెక్టరు చెవిన వేశాడట. డాక్టరు కుర్రవాడే. టోపీ తీసి చంకలో పెట్టుకుని బోను బోనుకీ వంగి చూశాడు. పులి దగ్గర చాలాసేపు నిలబడ్డాడు.

"మేనేజరుగారూ, ఈ నాపరాళ్లు తీయించి మట్టి పోయించండి. పైన నీడ వేయించండి. లోపల ఒక దుంగ పెట్టండి, గోళ్లు గీరుకోవడానికి. గీరుకోకపోతే గోరు పెరిగి వంకర తిరిగి పాదంలోకే దిగుతుంది. ఈ తొట్టిలో నీళ్లు రోజూ మార్చాలి. చచ్చిన గొడ్డును తెచ్చి వేస్తున్నట్టున్నారు, అది మానండి. తాజా మాంసం వేయండి. ఇక వారానికి ఒక్క రోజు ఏమీ పెట్టకండి. పెద్ద పెద్ద జంతుశాలల్లో అలాగే చేస్తారు, అరుగుదలకు మంచిది."

సన్యాసిరావుగారు చేతులు కట్టుకుని అన్నిటికీ "చిత్తం" అన్నారు. డాక్టరు వెళ్లాక బోనులకు సున్నం కొట్టించారు. తోట గుమ్మం దగ్గర 'జంతువులను హింసించరాదు' అని తెలుగులోనూ ఇంగ్లీషులోనూ బోర్డు రాయించారు. తోట చూడవచ్చిన పిల్లలు, గుంటలూ గుంటళ్లూ, ఆ బోర్డు కిందే రాళ్లు ఏరుకుని ఎలుగును కొట్టేవారు. మట్టికీ, నీడకూ, తాజా మాంసానికీ దివాన్‌గారి హుకుం రావాలన్నారు. ఉపవాసానికి మాత్రం ఎవరి హుకుమూ అక్కర్లేకపోయింది.

సన్యాసిరావుగారు శనివారం నిష్ఠ గల మనిషి. ఆ రోజు తోటలోకి నీచు రాకూడదు కాబట్టి పులి ఉపవాసం శనివారం పెట్టారు. బాగానే ఉంది. తరువాత ఏకాదశి వచ్చింది. ఏకాదశి నాడు మాంసం కోయించడం ఏమిటని అదీ కలిపారు. ఆ తరువాత సోమవారం. శివుడు పులితోలు మీద కూర్చుంటాడు కదా, ఆ లెక్కన దీనికి మరింత పుణ్యమని నా ముందే అన్నారు. ఎగతాళికి కాదు, నమ్మే అన్నారు. వాళ్లింట్లో వాళ్లంతా ఆ ఉపవాసాలు ఉండేవాళ్లే, సాయంత్రం పూట ఉప్పుపిండీ అరటిపళ్లూ తినేవాళ్లే. పులికి ఉప్పుపిండి పెట్టరు కదా.

ఒకనాడు నేను తోట పక్కన పారే గెడ్డ నుంచి నీళ్లు తెచ్చేసరికి గంప బోర్లా పడి ఉంది. కింద గుడ్లున్నాయి గాని పొదిగే కోడి లేదు.

"నా కోడేదీ?" అన్నాను.

మంగ్లు గడప మీద కూర్చుని గోళ్లు చూసుకుంటున్నాడు. "పెద్దాయనకేసీసినాను."

"ఓలమ్మో! పొదిగే కోడినేటి? నీకు కళ్లు పోనాయేటి?"

"మూడు పూటలై తిండి నేదు ఆయనకి. ఊసలు నాకుతున్నాడు."

"మరి నాను? నా కడుపులో ఉన్నోడు? ఆడికి నువ్వేటి ఏత్తావు, సెప్పు. నీ సెయ్యి కోసి ఏత్తావా?"

అతను తలెత్తలేదు. "నాను తింటా ఉంటే ఆయన సూత్తన్నాడే. ముద్ద దిగట్లేదు" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ పూట వండలేదు, గుడ్లు నేనొక్కదాన్నే ఉడకబెట్టుకు తిన్నాను. పస్తుంటే ముద్ద దిగడం, దిగకపోవడం ఏముందిలే అని అతనికి వినపడేలా అన్నాను కూడా.

దుంగ సంగతి ఇంకో కథ. హుకుం కోసం చూసి చూసి మంగ్లు ఒక మద్ది దుంగ ఈడ్చుకొచ్చి బోనులో పడేశాడు. మావగారు ముందు వాసన చూశారు. తరువాత ముందు కాళ్లు చాచి, వీపు విల్లులా వంచి, బరబరా గీరారు. చెక్క పేళ్లు పేళ్లుగా లేచింది. కోతుల కీచులాట కూడా ఆగిపోయింది. అన్నాళ్లలో ఆ జంతువు సంతోషంగా ఉండగా చూడడం నాకదే మొదలు, ఒప్పుకోవాలి, నాకూ బాగుంది. కాని గీరుకున్నాక ఆయన దుంగ వెనకాల చేరి పడుకునేవారు, తోక కొస తప్ప బయటికి కనిపించేది కాదు. సాలూరు నుంచి బండి కట్టించుకు వచ్చిన షావుకార్లు పులిని చూపించమంటే తోకను చూపించాల్సి వచ్చింది. మేనేజరుగారికి తల కొట్టేసినట్టయింది. మర్నాడే దుంగ తీయించేశారు.

"చూసేవోళ్ల కోసం బోను గాని దుంగ కోసం కాదు కదరా మంగ్లూ" అన్నారు, సముదాయిస్తున్నట్టే.

వైశాఖంలో మంగ్లు మేనత్త చిన్నమ్మలు పాచిపెంట సంతకు ఉప్పు కోసం దిగి, మమ్మల్ని చూసి పోదామని వచ్చింది. తల్లి పోయాక మంగ్లును పెంచింది ఆవిడే. పుట్టుక కిల్లో కాబట్టి ఆ పౌరుషం ఎక్కువ. ముందు ఇంట్లోకి రాలేదు, తిన్నగా బోను దగ్గరికి వెళ్లింది. అప్పటికే మావగారి ముందు కాలు వాచింది. డాక్టరు చెప్పినట్టే గోరు పాదంలోకి దిగింది. డాక్టరుకు కబురు పెడితే వేరే జిల్లాకు బదిలీ అయిపోయాడన్నారు. ఆవిడ ఊచలు పట్టుకుని కింద కూర్చుండిపోయింది.

"అయ్యా, నీకిదేటి కర్మ" అని ఒక్కసారి అంది. తరువాత నా వైపు తిరిగింది. "ఒలే కోడలా, ఈయన ఇక్కడ పోతే ఏటి సెయ్యాలో తెలుసునా నీకు?"

"ఏటి సెయ్యాల?"

"ఏటేటి? మన ఇంట్లో సావే అది. మన సేతుల్లో పోయినోడికి మనవే సెయ్యాల. ఇంట్లో కుండలన్నీ గుమ్మం ముందర పగలగొట్టీయాల. పొయ్యి ముట్టించకూడదు, పనికి ఎల్లకూడదు. తానాలు సేసి మట్టి సెయ్యాల. కుండలు ఇంటి ఆడదానివి, అది పగలగొడితేనే సావు. నేకపోతే ఆయన కుక్కసావు సచ్చినట్టే."

"పనికి ఎల్లకపోతే మేనేజరుబాబు ఊరుకుంటాడేటి? ఈ ఇల్లు ఉంచుతాడా? వానల్లో నాను ఎక్కడ కనాల, సెట్టు కిందా?"

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "నువ్వు పాంగోల గుంటవి. నీకేటి తెలుస్తాది" అంది. ఆ మాట నాకు ఇప్పటికీ చివుక్కుమంటుంది. అంబలి పోస్తే తాగకుండా ఉప్పు మూట నెత్తిన పెట్టుకుని వెళ్లిపోయింది. పోతే పోయిందిలే అనుకున్నాను. పులి చావకుండా నా కాన్పు అయిపోతే చాలని ఆ రోజు నుంచి మొక్కుకోవడం మొదలుపెట్టాను. నేను మావగారి ఆయుష్షు కోరుకున్నది అందుకు, ప్రేమకు కాదు.

ఎండలకు చల్లటి ఊరు వెళ్లిన రాజావారు జ్యేష్ఠంలో తిరిగొస్తున్నారని, వెంట చుట్టాలను తెస్తున్నారని కబురొచ్చింది. తోటకు పందిళ్లు వేయాలి. కొండ మీద నుంచి వెదుళ్లు తెమ్మని మంగ్లును బళ్లతో పంపేశారు. పులి బోను నా మీద పడింది. నాకు భయమేమీ వెయ్యలేదు. మావగారు అప్పటికి లేచి నిలబడడమే మానేశారు.

తొట్టి ఊచల ఇవతలకి లాగి, పాచి నీళ్లు పారబోసి, గెడ్డ నీళ్లు నింపి తోసేదాన్ని. ఆయన తల ఎత్తి తాగలేకపోతుంటే సొరబుర్ర డొక్కుతో ఊచల సందులోంచి నోటి దగ్గర పోసేదాన్ని. నాలుక గరుకుగా వేళ్లకు తగిలేది. వాచిన కాలి మీద ఈగలు ముసిరితే వేపమండతో విసిరేదాన్ని. మాంసం వేసినా తినేవారు కాదు. ఇప్పుడు ఉపవాసం లేని రోజు కూడా ఉపవాసమే. వేరే పని లేక ఆయనతో మాట్లాడేదాన్ని. "నా కోడిని మింగీసినావు, ఇప్పుడు అన్నం ఒద్దంతావేటి మావా, అలకేటి?" అని సాధించేదాన్ని. కన్ను ఒకటి తెరిచి చూసి మూసేవారు. ముసలివాళ్లు కోడళ్ల సాధింపు అలాగే వింటారు.

ఒక మధ్యాహ్నం మేనేజరుగారు సాలూరు నుంచి ఒక కొత్త మనిషిని పిలిపించి వెంటేసుకొచ్చారు. ఆ మనిషి బోను పక్కకు చేరి, ఊచల సందులోంచి ఒక బెత్తం పెట్టి, మావగారి మెడ నుంచి తోక మొదలు దాకా కొలిచాడు. మావగారు కదల్లేదు.

"ఏటి బాబూ, ఏటి కొలుత్తున్నారు?" అన్నాను.

"తోలు" అన్నారు సన్యాసిరావుగారు. ఆయన మొహం పాలిపోయి ఉంది. "ఇది బతకదే బుదరీ. రాజావారు వొచ్చేసరికి పులి ఉండాలి, లేకపోతే తోలైనా ఉండాలి. హాల్లో పరిపిస్తే చుట్టాలకి చూపించుకుంటారు. అదీ లేదంటే నా ఉద్యోగం పోతాది. ఇంట్లో ముగ్గురాడపిల్లలున్నారు నాకు."

"బతికున్నాడు కదా బాబూ ఇంకా."

"అందుకే కదా కొలతతో ఆపీసాం" అన్నారు. చెడ్డవాడు కాదు. ఆ మాట అన్నందుకు ఆయనకే సిగ్గేసింది, గబగబా వెళ్లిపోయారు. నేను డొక్కు పట్టుకుని అక్కడే నిలబడ్డాను. బెత్తం తగిలిన చోట జుట్టు రాలి, వెన్నుపూసలు కనిపిస్తున్నాయి. నాకు కోపమొచ్చింది. నా కోడి పోయిననాటి కోపం కాదు, ఇది వేరే కోపం.

తొలకరి పడిన మర్నాడు పొద్దున్న నేను నీళ్లు తీసుకెళ్లేసరికి మావగారు పోయారు. వాన నీళ్లు నాపరాళ్ల మీద నిలిచి, ఆయన మూతి అందులో ఉంది. మంగ్లు వెదుళ్ల బళ్లతో అప్పుడే తోటలోకి వస్తున్నాడు. నన్ను చూడగానే అతనికి తెలిసిపోయింది. బండి దిగి బోను ముందు నిలబడిపోయాడు.

మేనేజరుగారు మాత్రం బేగి వచ్చారు. దుప్పుల దగ్గర పని చేసే బుధు, గాసి కత్తులతో వచ్చారు. ఒకడు కోతుల వంశం, ఒకడు సూర్యుడి వంశం, ఇద్దరూ మా కొండవాళ్లే. తోలుకు పట్టించడానికి బూడిద తట్ట, ఉప్పు మూట కూడా తెచ్చిపెట్టారు. బోను తలుపు తీసి, బండి ఎద్దులకు తాడు కట్టించి మావగారిని మా ఇంటి ముందు ఎత్తు మీదకు ఈడ్పించారు. నీళ్లు నిలవని చోటు అదొక్కటే.

"ఒరే మంగ్లూ, నువ్వు కాళ్లు పట్టుకో" అన్నారు మేనేజరుగారు. మంగ్లు కదల్లేదు. ఆయన గొంతు తగ్గించారు. "చూడు, నీకేటీ అవదు. రేపటి నుంచి దుప్పుల్ని చూసుకో. ఇల్లు నీదే, గింజలు నీవే. నీ పెళ్లాం చూలాలు, ఎక్కడికెళ్తావు వానల్లో? ఇది పులి, చచ్చిపోయింది. అంతే గదా? మూడు గంటల పని, తరవాత ఎవరికీ గుర్తు కూడా ఉండదు."

బుధు కత్తి నూరుతున్నాడు. మంగ్లు నా వైపు చూశాడు. చూసి వెంటనే చూపు తిప్పేసుకున్నాడు. అడగడం అతని వల్ల కాలేదు. కుండలు నావి. నేను లోపలికి వెళ్లి తలుపు వేసుకుంటే చావు లేదు, పులి తోలు ఒకటి ఉంటుంది, అంతే. చూరు ఉంటుంది, పొయ్యి మీద కుండ ఉంటుంది. చిన్నమ్మలు అత్తకు కూడా ఏదో ఒకటి చెప్పుకోవచ్చు. పాంగి గుంటకు ఏం తెలుసని అనుకుంటుంది, ఎలాగూ అనుకుంటూనే ఉంది.

లోపలికి వెళ్లాను. నీళ్ల కుండ నిండా ఉంది. అన్నం కుండ పొయ్యి మీద ఉంది, లోపల ఉడుకుతున్న సామలు ఉన్నాయి. అంబలి కుండ మూల ఉంది. ముందు నీళ్ల కుండ తెచ్చాను, గుమ్మం ముందు వేసి కొట్టాను. తరువాత అంబలి కుండ. అన్నం కుండ చేతులు కాలుతుంటే కొంగుతో పట్టుకుని తెచ్చాను. ఆకలి వేస్తోంది, అందుకే దానివైపు చూడకుండా తొందరగా పగలగొట్టేశాను. మెతుకులు బురదలో పడ్డాయి.

బుధు కత్తి నూరడం ఆగిపోయింది. గాసి లేచి వెనక్కి జరిగాడు. "సావిల్లు" అన్నాడు మెల్లగా. ఇద్దరూ కత్తులు కింద పెట్టేశారు.

"ఏటే ఇది?" మేనేజరుగారు కేకేశారు. "పులి చస్తే కుండలేటి, మతిపోయిందా నీకు?"

"మా మావగోరు పోనారు బాబూ. సావింట్లో శవాన్ని కొయ్యరు."

"గింజలు ఉండవు, ఇల్లు ఉండదు. తెలుసునా?"

"తెలుసు బాబూ."

"ఒరే బుధూ, గాసీ, తీయండ్రా కత్తులు."

వాళ్లు వినలేదు. ఎవరి ఇంట్లోనో శవం ఉంటే మనిషన్నవాడు కత్తి పట్టుకుని దాని దగ్గరికి వెళ్లడు. తోలు కొలిచిన మనిషి కోసం సాలూరు పంపాలన్నా, అతను వచ్చేసరికి ఆ ఉక్కలో తోలు దక్కదు. సన్యాసిరావుగారు మా అరుగు మీద కూలబడిపోయారు. "రాజావారికి నేనేటి చెప్పను?" అన్నారు. నన్నే అడిగారో, తనలో తనే అనుకున్నారో తెలియదు.

"ఉపాసాలుండి పోనారని సెప్పండి" అన్నాను.

ఆయన నన్ను కొట్టలేదు, తిట్టలేదు. అరుగు మీద నుంచి లేచి, "తీసుకుపొండి. చీకటి పడేలోపు మీరూ వెళ్లిపోండి" అన్నారు.

మంగ్లు బండిలోంచి రెండు పచ్చి వెదుళ్లు లాగాడు. బుధు, గాసి చెప్పకుండానే అడ్డ కర్రలు కట్టారు. తోటమాలి కూడా వచ్చాడు. గెడ్డ ఒడ్డున, మద్ది చెట్ల దిగువన మట్టి చెయ్యాలనుకున్నాం. మావగారిని పాడె మీదకు దొర్లించారు.

"పులి బరువు మనిషి బరువు కాదురా, నడుం పట్టీగలదు, కాసుకోండి" అన్నాడు గాసి.

నలుగురూ నాలుగు మూలలా వంగారు. పళ్లు బిగబట్టి, "హైసా" అని ఒక్క ఊపున ఎత్తారు. ఎత్తిన ఊపుకు నలుగురూ వెనక్కి తూలిపోయారు. పాడె భుజాల పైకి లేచిపోయింది, పడిపోకుండా పట్టుకోవలసి వచ్చింది. ఎవరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

"ఇద్దరం సాలు" అన్నాడు మంగ్లు.

గాసి, తోటమాలి పక్కకు తప్పుకున్నారు. మంగ్లు ముందు, బుధు వెనక, చెప్పులు లేని కాళ్లతో బురదలో నడుచుకుంటూ గెడ్డ వైపు వెళ్లిపోయారు. వాళ్ల వెనక నడుస్తూ అప్పుడు ఏడ్చాను.